రేడియేషన్ థెరపీ కోర్సులో సీటు: అప్లికేషన్‌లో ఏం అడుగుతారు, ఎందుకు అడుగుతారు

అందరికీ నమస్కారం.

అమెరికా యూనివర్సిటీల్లో రేడియేషన్ థెరపిస్టు చదువుకు సీటు రావాలంటే ఏమేం కావాలో ఈ రోజు మాట్లాడుకుందాం. ముందుగా ఒక తికమక తీర్చుకోవాలి. రేడియేషన్ ఆంకాలజీ విభాగంలో, అంటే క్యాన్సర్‌కు రేడియేషన్‌తో చికిత్స చేసే చోట, నలుగురు నాలుగు రకాల పనులు చేస్తారు. ఏ భాగానికి ఎంత డోసు ఇవ్వాలో డాక్టరు నిర్ణయిస్తారు. ఆ డోసును ఏ కోణాల నుంచి ఎలా పంపాలో డోసిమెట్రిస్టు ప్లాను గీస్తారు. మెషీను చెప్పినంత డోసే ఇస్తోందా అని ఫిజిసిస్టు కొలిచి చూస్తారు. రోజూ పేషెంటును టేబుల్ మీద సరిగ్గా పడుకోబెట్టి, బొమ్మ తీసి సరిచూసి, రేడియేషన్ బీమ్ ఆన్ చేసేది మాత్రం థెరపిస్టు. మనం మాట్లాడుకునేది ఈ నాలుగో మనిషి చదువు గురించి. ఈ తేడా తెలియకుండా అప్లికేషన్ వ్యాసంలో "ట్యూమర్‌కు ప్లాను తయారు చేయాలని నా కోరిక" అని రాస్తే, చదివేవాళ్లు మీరు వేరే కోర్సుకు రావాల్సిన వారనుకుంటారు.

సీటుకు పెట్టే షరతుల జాబితా చూడగానే పొడవుగా, కొన్నిచోట్ల విసుగ్గా అనిపిస్తుంది. ఒక్కసారి ట్రీట్‌మెంట్ గదిలో జరిగే పనిని కళ్ల ముందు పెట్టుకుంటే, ప్రతి షరతూ అక్కడి నుంచే వచ్చిందని తెలుస్తుంది. అందుకే గదిలోంచి మొదలుపెడతాను.

పేషెంటు లోపలికి వస్తారు. పేరు, పుట్టిన తేదీ ఆయన నోటితోనే చెప్పించుకుంటారు. "మీరు ఫలానా వారేనా" అని అడగరు. అలా అడిగితే కంగారులో ఎవరైనా ఔననేస్తారు. తల, మెడ కేసైతే ముందే అచ్చుపోసిన ప్లాస్టిక్ మాస్కు బిగిస్తారు. ఛాతీ, పొత్తికడుపు కేసైతే చర్మం మీద పెట్టిన చిన్న చుక్కలను గోడల నుంచి వచ్చే లేజర్ గీతలతో కలుపుతారు. తర్వాత మెషీనే చుట్టూ తిరిగి కోన్ బీమ్ సీటీ తీస్తుంది. ఆ బొమ్మను ప్లానింగ్ నాటి సీటీ మీద పెట్టి, టేబుల్‌ను ఎటు ఎన్ని మిల్లీమీటర్లు జరపాలో చూస్తారు. గదిలో పేషెంటు తప్ప ఎవరూ లేరని చూసుకుని, తలుపు మూసి, కెమెరాలో పేషెంటును చూస్తూ బీమ్ ఆన్ చేస్తారు. ఒక్కో పేషెంటుకు దొరికేది సుమారు 15 నిమిషాలు. కొన్ని కేసుల్లో ఇది 15, 20 రోజులు సాగుతుంది, మరికొన్నింటిలో 30, 35 రోజులు. పని ఒకటే, ప్రతిరోజూ తప్పు లేకుండా జరగాలి.

ఇక చదువు సంగతి. మూడు దారులున్నాయి. నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీలో మొదటి రెండేళ్లు మామూలు సబ్జెక్టులు, చివరి రెండేళ్లు వృత్తి చదువు. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌కు సొంతంగా ఒక హెల్త్ ప్రొఫెషన్స్ స్కూలు ఉంది, అక్కడ రేడియేషన్ థెరపీలో బ్యాచిలర్ డిగ్రీ ఇస్తారు. రెండోది అసోసియేట్ డిగ్రీ, అంటే సుమారు రెండేళ్ల కాలేజీ డిగ్రీ. మూడోది, ఇప్పటికే ఎక్స్‌రే టెక్నాలజిస్టుగా సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు ఏడాది పాటు ఉండే సర్టిఫికెట్ కోర్సు. దేశమంతటా గుర్తింపు ఉన్న సర్టిఫికేషన్ ఇచ్చే సంస్థ ఏఆర్ఆర్‌టీ. 2015 జనవరి 1 నుంచి ఆ సంస్థ పరీక్ష రాయాలంటే కనీసం అసోసియేట్ డిగ్రీ ఉండి తీరాలి. అది ఏ సబ్జెక్టులో అయినా ఫరవాలేదు, కానీ ఉండాలి. అందుకే సర్టిఫికెట్ కోర్సుల అప్లికేషన్‌లో మొదటి ప్రశ్నే "మీకు డిగ్రీ ఉందా" అని ఉంటుంది.

డిగ్రీ దారిలో వచ్చేవాళ్లు వృత్తి చదువులో అడుగు పెట్టక ముందే పూర్తి చేయాల్సిన సబ్జెక్టులు కొన్ని ఉంటాయి. స్కూలును బట్టి కొంచెం తేడాలున్నా, అసలు సరుకు ఒకటే: ల్యాబ్‌తో కలిపి అనాటమీ, ఫిజియాలజీ రెండు సెమిస్టర్లు, కాలేజీ ఆల్జీబ్రా లేదా అంతకు పై గణితం, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, మెడికల్ టెర్మినాలజీ, ఇంగ్లీషు రచన, ఇంకా సైకాలజీ లాంటిది ఒకటి. "నేను పేషెంట్లతో ఉండే పనికి వస్తుంటే నాకు ఆల్జీబ్రా ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. ఇక్కడ కాస్త ఆగి చూద్దాం.

మెషీన్‌లో బీమ్ పుట్టే చోటు నుంచి పేషెంటు చర్మానికి 100 సెంటీమీటర్లు ఉండాలని ప్లాను అనుకోండి. టేబుల్ 5 సెంటీమీటర్లు కిందికి ఉండిపోయింది. దూరం 105 అయింది. దూరం పెరిగితే బీమ్ తీవ్రత దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 100ని 105తో భాగించి వర్గం కట్టండి. 0.907 వస్తుంది. అంటే డోసులో తొమ్మిది శాతానికి పైగా పోయినట్టే. చూడటానికి బెత్తెడు కూడా లేని తేడా అది. క్యాలిక్యులేటర్ తీయక ముందే "ఇది చిన్న తప్పు కాదు" అని మనసుకు తట్టాలి. కాలేజీ ఆల్జీబ్రా అడిగేది అందుకే.

గణితంలో ఇంకో ముఖ్యమైనది గుర్తు, అంటే ప్లస్సా మైనస్సా అన్నది. టేబుల్‌ను 2 సెంటీమీటర్లు ఎడమకు జరపాల్సింది కుడికి జరిపితే తప్పు 2 సెంటీమీటర్లు కాదు, 4. పైగా ఎడమ అంటే ఎవరి ఎడమ? ఎప్పుడూ పేషెంటు ఎడమే, ఎదురుగా నిలబడ్డ మీది కాదు. అదే పేషెంటు బోర్లా పడుకుంటే ఆయన ఎడమ చెయ్యి గదిలో ఇంకో వైపుకు పోతుంది. అనాటమీ క్లాసులో మొదటి వారమే నేర్పే దిశల పదాలు, ముందు, వెనక, పక్క, మధ్య అనేవి, పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేసేవి కావు. వెన్నుపూసల విషయం ఇంకా నాజూకైనది. ఛాతీ భాగంలోని వెన్నుపూసలు ఒకదానికొకటి కవలల్లా ఉంటాయి. బొమ్మలు కలిపేటప్పుడు ఒక పూస తేడాతో కలిపేస్తే కంప్యూటర్‌లో అంతా చక్కగా సరిపోయినట్టే కనిపిస్తుంది, బీమ్ మాత్రం రెండు మూడు సెంటీమీటర్లు పక్కన పడుతుంది. పక్కటెముకలు లెక్కపెట్టి, పైనుంచి కిందిదాకా చూసి తేల్చుకోగలిగేది అనాటమీ వచ్చినవాళ్లే. ఆ సబ్జెక్టులో బొటాబొటి గ్రేడ్లు ఉన్నవారిని కమిటీ రెండోసారి ఆలోచించి చూడటంలో అన్యాయం లేదని నా అభిప్రాయం.

గ్రేడ్ల లెక్కలో మోసపోయేవాళ్లు చాలామంది. ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. అనాటమీ మొదటి భాగం 4 క్రెడిట్లు, గ్రేడు బి. రెండో భాగం 4 క్రెడిట్లు, సి. ఫిజిక్స్ 4 క్రెడిట్లు, బి. గణితం 3, స్టాటిస్టిక్స్ 3, మెడికల్ టెర్మినాలజీ 2, ఈ మూడింట్లోనూ ఏ. ఏ అంటే 4 పాయింట్లు, బి 3, సి 2. క్రెడిట్లతో హెచ్చించి కలిపితే 20 క్రెడిట్లకు 64 పాయింట్లు, సగటు 3.2. బాగానే ఉందనిపిస్తుంది. కానీ సైన్సు జీపీఏ విడిగా అడిగే స్కూళ్లున్నాయి. ల్యాబ్ సైన్సులు మూడూ తీస్తే 12 క్రెడిట్లకు 32 పాయింట్లు, అంటే 2.67. ఆ స్కూలు సైన్సులో కనీసం 2.75 అడిగితే, మొత్తం 3.2 ఉన్నా ఫైలు మొదటి గడపలోనే ఆగిపోతుంది. ఆ ఒక్క సి వచ్చిన కోర్సు మళ్లీ చదివి బి తెచ్చుకుంటే సైన్సు సగటు సరిగ్గా 3.0 అవుతుంది. అయితే మళ్లీ చదివిన కోర్సును ఎలా లెక్కిస్తారో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. కొందరు కొత్త గ్రేడు మాత్రమే తీసుకుంటారు, కొందరు రెండింటి సగటు వేస్తారు, కొందరు ఒక్కసారికి మించి ఒప్పుకోరు.

పాతబడ్డ మార్కులు ఇంకో ఇబ్బంది. చాలా స్కూళ్లు సైన్సు కోర్సులు అయిదేళ్లకో ఏడేళ్లకో పాతబడినట్టు లెక్క వేస్తాయి. పిల్లలు పెద్దయ్యాక మళ్లీ చదువుకు వచ్చే అమ్మలకు ఇది గట్టిగా తగులుతుంది. కొన్నిచోట్ల అదే రంగంలో పనిచేస్తూ ఉన్నవాళ్లకు మినహాయింపు అడగవచ్చు. అడిగితేనే ఇస్తారు.

మన దేశంలో చదివి వెళ్లినవాళ్లకు ప్రత్యేకంగా ఒకటి రెండు మాటలు. ఇంటర్‌లో చదివిన ఫిజిక్స్, జువాలజీ మంచి మార్కులతో పాసైనా, అక్కడ సాధారణంగా హైస్కూలు చదువుగానే చూస్తారు. డిగ్రీలో చదివినవే లెక్కకు వస్తాయి. మార్కుల మెమోలను ఎన్ఏసీఈఎస్ (విదేశీ చదువులను అమెరికా లెక్కలో అంచనా వేసే సంస్థల సంఘం) సభ్య సంస్థతో మూల్యాంకనం చేయించమంటారు. అందులో రెండు రకాలున్నాయి. డిగ్రీ మాత్రమే చెప్పే రిపోర్టు చవకగా దొరుకుతుంది, కానీ పనికిరాదు. ఒక్కో సబ్జెక్టుకు క్రెడిట్లు, గ్రేడు విడగొట్టి చూపించే రిపోర్టే కావాలి. మన దగ్గర థియరీ, ప్రాక్టికల్ వేర్వేరు పేపర్లుగా మెమోలో ఉంటాయి కదా, ప్రాక్టికల్ మెమో పంపకపోతే అక్కడ "ల్యాబ్ లేని కోర్సు" అని పడుతుంది. సిలబస్ ప్రతి కూడా జత చేయండి. సీలు వేసిన కవర్లు యూనివర్సిటీ నుంచి కదలడానికే నెలలు పట్టొచ్చు, ఈ పని అన్నిటికంటే ముందు మొదలుపెట్టాలి.

ఇప్పుడు అబ్జర్వేషన్. ఒక క్యాన్సర్ సెంటర్‌లో థెరపిస్టుల పక్కన ఉండి కొన్ని గంటలు పని చూసి రమ్మంటారు. ఇది హాజరు వేయించుకునే పని అనుకోకండి. చదువులో చేరి, క్లినిక్‌లో అడుగుపెట్టాక "ఇది నావల్ల కాదు" అని వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. వాళ్లు వదిలిన సీటు ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. ఒక్కో బ్యాచ్‌లో ఎన్ని సీట్లుండాలో క్లినిక్‌లలోని మెషీన్లను, నేర్పే థెరపిస్టులను బట్టే లెక్క వేస్తారు, క్లాసురూమ్‌లోని కుర్చీలను బట్టి కాదు. అందుకే సీట్లు తక్కువ, అందుకే ఈ జాగ్రత్త.

వెళ్లినప్పుడు ఏం చూడాలి? ప్లానింగ్ సీటీ తీసే గది చూడండి, మెషీను గది చూడండి. గదిలోంచి చివరగా బయటికి వచ్చేవాళ్లు వెనక్కి తిరిగి దేన్ని చూసి వస్తున్నారో గమనించండి. బీమ్ ఆన్‌లో ఉన్నప్పుడు థెరపిస్టు కళ్లు ఏ స్క్రీన్ మీద ఉన్నాయో చూడండి. పేషెంటు చేతులు తల మీద పెట్టుకుని పది నిమిషాలు కదలకుండా ఉండటం ఎంత కష్టమో, ఆ కష్టాన్ని థెరపిస్టు ఒక్క మాటతో ఎలా తేలిక చేస్తున్నారో చూడండి. చూసిన రోజే ఇంటికొచ్చి రాసుకోండి. మీ వ్యాసానికి పనికొచ్చేది అదే. అయితే పేషెంటు పేరు గానీ, ఎవరో పోల్చుకోగలిగే వివరం గానీ ఆ రాతలో ఉండకూడదు. ఫోటోలు తీయడం అసలే కుదరదు. వ్యాసంలో పేషెంటు వివరాలు బయటపెట్టిన అభ్యర్థి, గోప్యత చట్టం గురించి తనకు తెలియదని తానే రాసిచ్చినట్టవుతుంది.

వ్యాసాల గురించి ఇంకొక్క మాట. ఇంట్లో క్యాన్సర్ వచ్చిన మనిషిని చూసి ఈ దారి ఎంచుకున్నవాళ్లు చాలామంది. అది రాయండి, దాచక్కర్లేదు. కానీ అక్కడితో ఆపేయకండి. ఆ అనుభవం తర్వాత ఈ పని గురించి మీరేం తెలుసుకున్నారు, ఏం చూశారు, ఏ సబ్జెక్టులో కష్టపడి ఎలా గట్టెక్కారు, ఇవి ఉండాలి.

ఇంటర్వ్యూలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది, మాటలు మారొచ్చు గానీ సారం ఇదే: "నిన్న ఒక పేషెంటును తప్పు చోట సెట్ చేశామని ఈ రోజు మీకు తెలిసింది. మీతో ఉన్న సీనియరు ఫరవాలేదు వదిలేయమన్నారు. ఏం చేస్తారు?" దీనికి ఒక్కటే జవాబు. ఆపాలి, ఫిజిసిస్టుకూ డాక్టరుకూ చెప్పాలి, రాతలో పెట్టాలి. ఎందుకు ఇంత పట్టుబడతారో తెలియాలంటే థెరాక్-25 అనే రేడియేషన్ మెషీను చరిత్ర తెలియాలి. 1985 జూన్ నుంచి 1987 జనవరి వరకు ఆ మెషీన్ల మీద ఆరు భారీ ఓవర్‌డోసు ప్రమాదాలు జరిగాయి. సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉంది. లోపం వచ్చినప్పుడల్లా స్క్రీన్ మీద "మాల్‌ఫంక్షన్ 54" లాంటి ఒక ముక్క మాత్రమే కనిపించేది, దాని అర్థమేమిటో ఆపరేటర్లకు తెలిసేది కాదు. అలాంటి సందేశాలు రోజూ వస్తూ ఉండటంతో మళ్లీ మీట నొక్కి కొనసాగించడం అలవాటైపోయింది. 1986 మార్చిలో టెక్సస్‌లో జరిగిన ప్రమాదంలో గదిలోని కెమెరా పనిచేయడం లేదు, మైకూ పనిచేయడం లేదు. మొదటి దెబ్బకే పేషెంటు టేబుల్ మీంచి లేవబోయాడు. అది బయట కనపడలేదు, వినపడలేదు. మీట రెండోసారి నొక్కారు. తర్వాత ఆయన ప్రాణం పోయింది. అర్థం కాని సందేశం వస్తే ఆగే మనిషా, అలవాటుగా ముందుకు పోయే మనిషా అన్నది ఇంటర్వ్యూలో వాళ్లు వెతుకుతున్నారు.

శారీరక సామర్థ్యం గురించి సంతకం పెట్టించే కాగితం కూడా ఇక్కడి నుంచే వచ్చింది. కెమెరాలో పేషెంటు కదలిక కనపడాలి, ఇంటర్‌కమ్‌లో గొంతు, అలారం వినపడాలి. లేవలేని మనిషిని స్ట్రెచర్ నుంచి టేబుల్ మీదికి సాయంతో మార్చగలగాలి. కళ్లజోడు, వినికిడి యంత్రంతో సరిపోతే సరిపోయినట్టే. ఏదైనా వైకల్యం ఉంటే ముందే యూనివర్సిటీ కార్యాలయంతో మాట్లాడి ఏర్పాట్లు అడగండి. అది మీ హక్కు.

టీకాల కాగితాలు చూడటానికి చిన్న పని. ఎక్కువమంది గడువు దాటించుకునేది ఇక్కడే. హెపటైటిస్ బి టీకా మూడు డోసుల పద్ధతిలో మొదటి రోజు, ఒక నెలకు, ఆరు నెలలకు వేస్తారు. సీటు వచ్చాక మొదలుపెడితే క్లినిక్‌కు వెళ్లాల్సిన రోజుకు పూర్తి కాదు. నెల తేడాతో రెండు డోసుల్లో అయిపోయే టీకా కూడా ఒకటుంది, ఆలస్యమైతే దాని గురించి డాక్టరును అడగండి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులుండాలి. టీబీ చర్మ పరీక్షను ఎంఎంఆర్ వేసుకున్న రోజే చేయించుకోవచ్చు. ఆ రోజు దాటిపోతే నాలుగు వారాలు ఆగాలి, లేకపోతే ఫలితం నమ్మలేం. రెండు దశల చర్మ పరీక్ష అడిగితే మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఒకటి నుంచి మూడు వారాలు ఉండాలి, ప్రతిసారీ 48 నుంచి 72 గంటల్లోగా వెళ్లి చూపించుకోవాలి. మన దేశంలో పుట్టినవాళ్లకు చిన్నప్పుడే బీసీజీ వేసి ఉంటారు. దానివల్ల టీబీ లేకపోయినా చర్మ పరీక్ష పాజిటివ్ చూపించవచ్చు, అక్కడి నుంచి ఎక్స్‌రేలు, ఆలస్యాలు. రక్తం తీసి చేసే ఇగ్రా పరీక్ష మీద బీసీజీ ప్రభావం ఉండదు. మొదటే అది చేయించుకుంటానని అడగండి. గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స సర్టిఫికెట్ విషయంలోనూ జాగ్రత్త. ఆరోగ్య సిబ్బంది కోసం ఉన్న బీఎల్ఎస్ కోర్సే చేయాలి. చేత్తో చేసి చూపించే పరీక్ష లేని ఆన్‌లైన్ సర్టిఫికెట్లను తిప్పి పంపుతారు.

పోలీసు రికార్డు పరిశీలన, డ్రగ్ టెస్టు ఉంటాయి. గంజాయి చట్టబద్ధమైన రాష్ట్రంలో ఉన్నా క్లినిక్ నిబంధన వేరు, టెస్టులో తేలితే సీటు పోవచ్చు. పాత కేసు ఏదైనా ఉంటే దాచకండి. కోర్సు మొదలుపెట్టక ముందే ఏఆర్ఆర్‌టీకి నైతిక సమీక్ష కోసం దరఖాస్తు చేసుకునే వీలుంది. రెండేళ్లు చదివాక పరీక్షకు అర్హత లేదని తెలుసుకోవడం కన్నా అది ఎంతో నయం. కాలేజీలో కాపీ కొట్టి సస్పెండ్ అయిన సంగతి కూడా వాళ్లు అడుగుతారు, గుర్తుంచుకోండి.

వయసు విషయంలో ఒక నియమం ఉంది. అక్కడ రేడియేషన్‌తో పనిచేసే పెద్దలకు ఏడాదికి పరిమితి 50 మిల్లీసీవర్టులు (శరీరానికి తగిలే రేడియేషన్‌ను కొలిచే యూనిట్). 18 ఏళ్లు నిండనివాళ్లకు అందులో పదో వంతు. అందుకే క్లినిక్‌కు వెళ్లే నాటికి 18 నిండాలంటారు. గర్భంతో ఉన్న విద్యార్థిని ఆ సంగతి రాతపూర్వకంగా ప్రకటిస్తే, గర్భకాలం మొత్తానికి కడుపులోని బిడ్డకు 5 మిల్లీసీవర్టుల పరిమితి వర్తిస్తుంది. ప్రకటించాలా వద్దా అన్నది పూర్తిగా ఆమె ఇష్టం. ఎవరూ బలవంతం చేయకూడదు, ప్రకటన వెనక్కి తీసుకునే హక్కు కూడా ఆమెదే. ఇంటర్వ్యూలో దీని గురించి అడిగితే జవాబు చెప్పాల్సిన పని లేదు.

వాళ్లు మిమ్మల్ని పరీక్షించినట్టే మీరు కూడా స్కూలును పరీక్షించండి. జేఆర్‌సీఈఆర్‌టీ అనేది ఈ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ. దాని గుర్తింపు ఉన్న ప్రతి ప్రోగ్రాం తన లెక్కలు బయటపెట్టాలి: సర్టిఫికేషన్ పరీక్షలో మొదటి ప్రయత్నంలోనే ఎంతమంది పాసయ్యారు, ఉద్యోగం వెతుక్కున్నవాళ్లలో ఎంతమందికి ఏడాదిలోగా దొరికింది, చేరినవాళ్లలో ఎంతమంది పూర్తి చేశారు. మొదటి రెండింటికీ అయిదేళ్ల సగటు కనీసం 75 శాతం ఉండాలని ప్రమాణం. నేనైతే మూడో అంకె ముందు చూస్తాను. పాస్ శాతం 100 ఉండి, చేరినవాళ్లలో సగం మంది మధ్యలో మానేస్తే, ఎందుకు మానేశారో అడగాలి. క్లినిక్‌లు ఎంత దూరంలో ఉన్నాయి, పొద్దున్న ఎన్నింటికి హాజరు కావాలి, ఎవరి బండిలో వెళ్లాలి, ఇవీ అడగండి. కోర్సు అయ్యాక ఏఆర్ఆర్‌టీ పరీక్షకు మూడేళ్లలో మూడు అవకాశాలే ఉంటాయి, 75 స్కోరు రావాలి. కాబట్టి నేర్పే చోటు గట్టిదై ఉండాలి.

సీటు రాకపోతే వారం లోపలే ఈమెయిల్ పెట్టి ఎక్కడ వెనకబడ్డానో చెప్పమని అడగండి. చాలా స్కూళ్లు చెబుతాయి. వెయిటింగ్ లిస్టులో పేరుంటే టీకాలు, బీఎల్ఎస్ ఆపకుండా పూర్తి చేసి పెట్టుకోండి. కోర్సు మొదలయ్యే ముందు వారంలో పిలుపు వస్తే కాగితాలు సిద్ధంగా ఉన్నవాళ్లే వెళ్లగలుగుతారు. వచ్చే ఏడాదికి మళ్లీ దరఖాస్తు చేసేటప్పుడు పాత వ్యాసమే పంపకండి. అబ్జర్వేషన్ గంటలు, సైన్సు క్రెడిట్లు అప్పటికి పాతబడవు కదా అని తేదీలు సరిచూసుకోండి.

ఇక ప్రశ్నలు అడగండి. మార్కుల మెమోలు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, క్రెడిట్ల లెక్క ఇక్కడే వేసి చూద్దాం.